వింకో వచ్చేదాకా

జనవరి 13, 1963. ఆదివారం

వింకో గిటార్‌ని పెట్టెలో పెట్టి, మూత వేసి, కాలితో మంచం కిందికి తోసేశాడు. "ఎవరైనా ముట్టుకున్నారో, వాళ్ల వేళ్లు కూడా వించ్‌లో పెడతా" అన్నాడు. అమ్మ శిలువ గుర్తు వేసుకుంది. నాన్న కాఫీ కప్పు అలాగే వదిలేసి పడవ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆదివారం పూట పడవ దగ్గర ఏం పని?

గురువారం సంగతి ఒక్కసారి రాసేస్తే మళ్లీ తలచుకోనక్కర్లేదు. కాటలీనా దీవి అవతల కానాగంతల గుంపు తగిలింది. రింగు వల లాగుతున్నారు. తాడు చుట్టే వించ్ యంత్రం దగ్గర నాన్న, తాడు సర్దుతూ వింకో అన్నయ్య. వాడి ఎడమ చెయ్యి తాడుకీ డ్రమ్ముకీ మధ్యన పడింది. నాన్న ఆపేలోపు ఒక చుట్టు తిరిగింది. ఒక్కటే చుట్టు. ఉంగరం వేలు, చిటికెన వేలు విరిగాయి. నడిమి వేలిని లాగే నరం తెగింది. కుట్టారు. మోచేతి దాకా ప్లాస్టర్ వేశారు.

ఎడమ చెయ్యి. గిటార్ మెట్లు నొక్కే చెయ్యి.

దెబ్బ తగలడానికి ముందు శనివారం కూడా హెర్మోసా డాన్సు హాల్లో వాడు వాయిస్తుంటే నాలుగు వందల మంది నేల అదిరేలా గెంతారు. ఉదయమంతా అలల మీద తేలి, తల ఉప్పు దులుపుకోకుండానే వచ్చే జనం. వాడికి ఇరవై ఏళ్లు.

రాశాను. అయిపోయింది.

జనవరి 22

అయిపోలేదు. ఇంట్లో రేడియో కూడా పెట్టనివ్వడు.

ఫిబ్రవరి 3, ఆదివారం

నేను చర్చిలో పూజ నుంచి వచ్చి గౌను కూడా మార్చుకోలేదు, వింకో కేక పెట్టాడు. "యెల్కా! తియ్యి దాన్ని."

"దేన్ని?"

"మంచం కింద ఏముందో నీకు తెలీదా? ఆంప్లిఫయర్‌కి తగిలించు. ఒక్క నోటు వినకపోతే పిచ్చెక్కేలా ఉంది నాకు."

నాకు గిటార్ రాదు. పాటకి నాలుగు వరసలు పట్టడం మాత్రం వచ్చు, అదీ వాడు లేనప్పుడు దొంగతనంగా నేర్చుకున్నది. ఆ మాట వాడికి చెప్పలేదు. ఒళ్లో పెట్టుకున్నాను. ఎంత బరువో.

"లావు తీగ ఒక్కటే. కిందికీ పైకీ, కిందికీ పైకీ. ఆపకు."

ఇరవై లెక్కపెట్టేలోపు మోచెయ్యి పట్టేసింది.

"ఏంటే అది, ముసలమ్మ కోళ్లకి గింజలు చల్లుతున్నట్టు?"

"చెయ్యి నొప్పెడుతోంది."

"నాకూ నొప్పెడుతోంది. వాయించు."

వాయించాను. వాడు కళ్లు మూసుకున్నాడు. వాడి కోసమే చేస్తున్నాను ఇదంతా. ప్లాస్టర్ తీసేదాకా.

ఫిబ్రవరి 5

ఎడమ చేతి వేళ్ల కొసలు పొక్కులు. నేను పనిచేసే చేపల ఫ్యాక్టరీలో ఉప్పునీళ్లు తగిలితే ప్రాణం పోతోంది.

ఫిబ్రవరి 10, ఆదివారం

రివర్బ్ పెట్టె కూడా బయటికి తీశాం. చెక్కపెట్టె లోపల పొడుగు స్ప్రింగులు, అంతే. కానీ దాని గుండా పోయి వచ్చిన నోటు సముద్రంలో మునిగి లేచినట్టు, చుక్కలు కారుతూ వస్తుంది. "పొడి నోటు ఒడ్డున ఉండేవాళ్లది, తడి నోటు మనది" అంటాడు వింకో. నేను లయ తప్పినందుకు కోపమొచ్చి పెట్టెని ఒక్క తన్ను తన్నాడు. లోపల స్ప్రింగులు ఢీకొని ఇంట్లో పిడుగు పడింది. "యేసు మరియా!" అని వంటింట్లోంచి అమ్మ. బచ్చలికూర, బంగాళాదుంపల గిన్నె కింద పడింది. ఇద్దరం నవ్వాం. నెల రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

సాయంత్రం నాన్న గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నాడు. పెళ్లికి ముందు, సొంత దేశంలో, వీస్ దీవిలో మాండలిన్ వాయించేవాడట. ఇక్కడికి వచ్చాక ముట్టలేదు.

"మోచేత్తో కాదమ్మా. మణికట్టుతో. తడిచేతిని దులుపుకున్నట్టు."

వింకో తలెత్తాడు. "నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"నీకు అవసరమెక్కడ పడింది?"

ప్రమాదం తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలివి. ఆ తర్వాత మళ్లీ ఏమీ లేవు.

ఫిబ్రవరి 11

నాన్న చెప్పింది దొరికింది! ఫ్యాక్టరీలో దొరికింది. ఉడికిన ట్యూనా మీది నల్లమాంసం కత్తితో గీకేటప్పుడు నా మణికట్టు ఎలా ఆడుతుందో చూసుకున్నాను. ఎనిమిది గంటలు ఆడుతుంది, నొప్పి లేదు. అదే చెయ్యి. అదే ఊపు. పక్కన నిలబడ్డ టకేడా గారి భార్య "ఏంటమ్మా నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్, ఎవడు వాడు?" అంది. తిరుగు ఫెర్రీ పడవలో, కొత్తగా కడుతున్న వంతెన కింద నుంచి వస్తూ రెయిలింగ్ మీద కూడా వాయించాను.

ఫిబ్రవరి 27

వింకో కట్టిన పాట "పాయింట్ ఫెర్మిన్" మొదటి నుంచి చివరి దాకా వచ్చింది. చివర్లో గిటార్ మెడ పైమెట్ల నుంచి కింది దాకా ఒకే జారుడు ఉంటుంది, అల విరిగినట్టు. నేను జారుతూ జారుతూ మధ్యలో ఒక చోట ఆగి, నాన్న వల బాగుచేస్తూ వేసే ఈలపాటలో వచ్చే, శ్రుతికి కాస్త పక్కగా పలికే ఓర స్వరం తగిలించాను. కావాలని కాదు.

"అది నా పాటలో లేదు" అన్నాడు.

"తీసేస్తాలే."

"ఉంచు" అన్నాడు. లేచి బయటికి వెళ్లిపోయాడు.

మార్చి 2, శనివారం

గిల్ పలాసియోస్ వచ్చాడు. వింకో బృందంలో రెండో గిటార్ వాడిదే. రివర్బ్ పెట్టె అరువు అడగడానికి వచ్చాడు. మెట్ల మీద నుంచే "ఒరేయ్ వింకో! చెయ్యి బాగైపోయిందా?" అని అరుస్తూ లోపలికి వచ్చి, గిటార్ నా ఒళ్లో ఉండడం చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

వింకో బదులు నన్ను వాయించమన్నాడు గిల్. సాయంత్రం వాళ్ల గ్యారేజీలో అందరం. డ్రమ్స్ వాయించే రస్టీకి నచ్చలేదు. "మన పేరు ఛానెల్‌మెన్ రా. మెన్! స్కర్టు వేసుకున్నోళ్లు ఎందుకొస్తారు అందులోకి?"

"వాయించేది చేత్తోరా, లాగుతో కాదు" అన్నాడు గిల్.

వింకో ఏమంటాడా అని చూశాను. గోడకి ఆనుకుని ప్లాస్టర్ గీక్కుంటున్నాడు. "నేను వచ్చేదాకా అది వాయిస్తుంది. నాకన్నా మెల్లగానే, కానీ లయ తప్పదు. ఇష్టముంటే ఉండండి."

వింకో వచ్చేదాకా మాత్రమే. నేనూ అదే చెప్పాను అందరికీ.

మార్చి 17, ఆదివారం

నిన్న హైస్కూల్ జిమ్‌లో వాయించాం. ముందు ఈలలు. "వంటింట్లో గిన్నెలు కడిగావా పాపా?" అని ఎవడో అరిచాడు. రస్టీ, అంత గొణిగినవాడే, కర్రలు నెత్తి మీదికెత్తి ఒకదానికొకటి కొట్టి మొదలుపెట్టేశాడు. లావు తీగ మీద మొదటి దెబ్బ పడ్డాక నాకేం గుర్తులేదు. మూడో పాటకి చెక్కనేల లేచి పడుతోంది. అందరి బూట్లు ఒకేసారి. ఆ అదురు నా అరికాళ్లలోంచి పళ్ల దాకా వచ్చింది.

ఇవాళ రోజంతా ఒక చోట కూర్చోలేకపోతున్నాను. అమ్మ అంటోంది, "ఏమే, కుర్చీలో ముళ్లున్నాయా?"

మార్చి 21

ప్లాస్టర్ తీశారు. బొటనవేలు, చూపుడువేలు బాగున్నాయి. మిగతావి గట్టిగా, తెల్లగా, ఉడికిన చేపల్లా ఉన్నాయి. నడిమి వేలు కొంచెం వంగింది. వింకో నవ్వాడు. నాకు చాలా సంతోషంగా ఉంది.

చాలా సంతోషంగా ఉంది.

మార్చి 30

గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ముంచి రబ్బరు బంతి నొక్కుతున్నాడు, గంటకోసారి. నేను వాయిస్తుంటే గిటార్ తీసుకుని రెండు నోట్లు నొక్కాడు. రెండూ పలికాయి. "ఏప్రిల్ 27న హెర్మోసాలో నేనే వాయిస్తా. చూడు కావాలంటే" అన్నాడు.

మంచిదే కదా. అనుకున్నదే కదా. గిటార్ ఎవరిది? వాడిది. పాట ఎవరిది? వాడిది.

మధ్యలో ఆగే ఆ స్వరం తప్ప.

ఏప్రిల్ 3, బుధవారం

ఇంట్లో నేనొక్కదాన్నే. ఫోన్ మోగింది. రాంగ్ నంబర్.

ఏప్రిల్ 4

గాలి ఎక్కువగా ఉంది. వంతెనకి కొత్త తీగలు ఎక్కిస్తున్నారు. ఫెర్రీ ఆలస్యం. రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 5, శుక్రవారం

పది. పదిన్నర. పదకొండు. ఫ్యాక్టరీ గోడ గడియారం తప్ప వేరే ఏదీ చూడలేదు ఇవాళ. కత్తి జారింది. చిన్న గాటే. అదీ ఎడమ బొటనవేలి మీద, వాయించడానికి అడ్డం రాదు.

ముందు ఆ సంగతే చూసుకున్నాను. రక్తం కన్నా ముందు.

ఏప్రిల్ 6

రాంగ్ నంబర్ కాదు.

ఆసుపత్రి నర్సు చేసింది. చేతుల ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు ఊరికి వస్తున్నాడు, శుక్రవారం పదింటికి ఖాళీ ఉంది, మీ అన్నయ్యని తీసుకురండి అంది. నడిమి వేలి నరం చుట్టుపక్కల కండకి అతుక్కుపోయిందట, ఎంత తొందరగా విడదీస్తే అంత మంచిదట.

నేనన్నాను, "వాడు పడవ మీద ఉన్నాడండీ. శుక్రవారానికి రాలేడు."

ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి. ఆలోచించలేదు. ఆలోచించే ఉంటాను.

"అయితే మళ్లీ మే 17నే. కార్డు పోస్టులో పంపిస్తాం" అంది.

వాడు పడవ మీద లేడు. పెరట్లో కూర్చుని బంతి నొక్కుతున్నాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు.

ఆరు వారాలే. ఆరు వారాలకి ఏమవుతుంది? ఇప్పుడు కోస్తే మళ్లీ కట్టు కడతారు, వాడికే విసుగు. కొంచెం కుదుటపడ్డాక కోయించుకుంటేనే మంచిదేమో.

రాసింది చదువుకున్నాను. నర్సు తొందరగా అంది. నేను మంచిదేమో అంటున్నాను.

ఏప్రిల్ 13, పవిత్ర శనివారం

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాను. అమ్మ మీద విసుక్కున్నానని చెప్పాను. మాంసం తినకూడని గుడ్ ఫ్రైడే నాడు ఎండుచేపల కూర వద్దని సాసేజ్ తిన్నానని చెప్పాను. "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు ఫాదర్.

లేదన్నాను.

మోకాళ్ల మీద ఉండి కూడా కుడి చెయ్యి తొడ మీద మీటుతూనే ఉంది. ఆపితే ఆగదు.

ఏప్రిల్ 20

గ్యారేజీలో రిహార్సల్. వింకో గిటార్ తగిలించుకున్నాడు. నేను మూలన డబ్బా మీద కూర్చున్నాను. మొదటి వరస వచ్చింది. రెండో వరసలో నడిమి వేలు దిగలేదు. మళ్లీ. దిగలేదు. ఎనిమిది సార్లు మొదలుపెట్టారు. రస్టీ కర్రలు కింద పెట్టేశాడు. గిల్ తన బూట్ల వంక చూస్తున్నాడు.

వింకో పట్టీ తల మీంచి తీసి నా దగ్గరికి వచ్చాడు. నా మెడలో వేశాడు. పట్టీ మెలిక పడితే సరిచేశాడు కూడా, ఆ పాడైన చేత్తోనే.

"నువ్వే వాయించు. మే నెలలో డాక్టరు చూస్తాడుగా. వేసవికి నేనొస్తా."

ఏదో ఒకటి అనాలి నేను. "గిటార్ వైరు బుసకొడుతోంది" అన్నాను.

ఏప్రిల్ 28, ఆదివారం

రెండూ రాయాలి. నిన్నటిది, ఇవాళ్టిది.

నిన్న హెర్మోసా హాలు ఆరింటికే నిండిపోయింది. వింకో వేదిక పక్కన రివర్బ్ పెట్టె దగ్గర కూర్చున్నాడు, ఎక్కడ తడి ఎక్కువ చెయ్యాలో వాడికే తెలుసని. నేను అటు చూడలేదు. మొదటి పాట బిగుసుకుపోయి వాయించాను. రెండోది కాస్త నయం. "పాయింట్ ఫెర్మిన్" మొదలయ్యాక నా చెయ్యి నాది కాదు. లావు తీగ మీద ఆ పరుగు ఎంతసేపైనా వాయించగలను అనిపించింది, తీగ మీటే పిక్ కొస అరిగి పొడి రాలుతోంది. చివరి జారుడులో, ఆ ఓర స్వరం దగ్గర ఆగాను. ఎప్పటికన్నా ఎక్కువ ఆగాను. హాలంతా ఒక కాలెత్తి నిలబడ్డట్టు ఆగింది. సరిగ్గా ఆ క్షణానికి వింకో తడి మొత్తం పెంచాడు. నేను వదిలాను. అల విరిగింది. జనం అరుపు వినబడలేదు, కనబడింది.

అటు చూశాను అప్పుడు. వింకో ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. బొటనవేలెత్తి చూపించాడు. బాగున్న వేలు.

అది చూశాక నాకు తిండి దిగలేదు.

ఇవాళ పూజ అయ్యాక రేవు మీద కూర్చున్నాం. వలలు ఆరేసి ఉన్నాయి. రాత్రి సంగతులే చెప్తున్నాడు, చేతులూపుతూ. "ఆ ఆగడం ఉంది చూశావూ! నాకు తట్టలేదే అది, నా పాటే అయినా..."

"శుక్రవారం డాక్టరు వచ్చాడు" అన్నాను.

"ఏ శుక్రవారం?"

"ఏప్రిల్ 5. నర్సు ఫోన్ చేసింది. నువ్వు పడవ మీద ఉన్నావని చెప్పాను."

అర్థం కాలేదు వాడికి. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "మర్చిపోయావా?"

అవును అంటే సరిపోయేది. ఆ దారి వాడే చూపించాడు.

"మర్చిపోలేదు. 27న నేను వాయించాలని."

నవ్వు మెల్లగా పోయింది. కొట్టినా బాగుండేది. తన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"నేనే కదే నీకు నేర్పాను" అన్నాడు.

లేచి వెళ్లిపోయాడు. సముద్రపు పక్షులు అరుస్తూనే ఉన్నాయి.

ఏప్రిల్ 30

అమ్మకీ నాన్నకీ నేనే చెప్పాను. అమ్మ రెండు చెంపలూ వాయించింది. నాన్న "వించ్ ఆపడంలో నేనూ ఆలస్యం చేశాను" అన్నాడు. అది నాతో అన్నాడో, గోడతో అన్నాడో.

గిటార్ వింకో మంచం మీద పెట్టి వచ్చాను. కాసేపటికి చూస్తే మళ్లీ నా గది గుమ్మం ముందు ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు. తీయలేదు.

మే 17, శుక్రవారం

నన్ను కూడా రమ్మన్నాడు ఆసుపత్రికి. పంతొమ్మిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట "కోటు వేసుకో".

డాక్టరు వేళ్లు వంచి చూశాడు. కోస్తానన్నాడు, నడిమి వేలు చాలావరకు వస్తుందన్నాడు. ఉంగరం వేలు ఇలాగే ఉండిపోతుంది.

వింకో అడిగాడు, నా వంక చూడకుండా. "ఆరు వారాల ముందే వచ్చి ఉంటే?"

డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "కొంచెం మెరుగ్గా ఉండేదేమో. ఉండకపోనూవచ్చు. నిజంగా నేను చెప్పలేను బాబూ."

ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది ఆయన. నేను చేసినదాని వల్లే అని చెప్పినా భరించేదాన్ని. "చెప్పలేను"ని ఎక్కడ పెట్టుకోవాలి?

జూన్ 1

వేసవంతా ప్రతి శనివారం వాయించమని హాలు వాళ్లు అడిగారట. గిల్ వచ్చి చెప్పాడు. రానన్నాను. "నీ తప్పుకి మా నోట్లో మన్నెందుకు కొడతావ్?" అన్నాడు.

జూన్ 9

పిక్ పట్టుకోకుండా నలభై రోజులు. ఫెర్రీ రెయిలింగ్ దగ్గర చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడుతున్నాను.

జూన్ 16, ఆదివారం

అన్నం దగ్గర వింకో అందరి ముందూ అన్నాడు. "దాన్ని వెళ్లి వాయించమనండి. ఇంట్లో ఇద్దరు అవిటివాళ్లెందుకు?" నాతో కాదు, అమ్మతో. అమ్మ నా వంక చూసి, "విన్నావుగా" అంది.

జూన్ 22, శనివారం. పొద్దున్న

సాయంత్రం వాయించాలి. వింకో వచ్చేదాకా అని ఇక ఎవరితోనూ అనలేను. నాకు కావాలి గనక వాయిస్తున్నాను. ఈ వాక్యం జనవరిలోనే రాయాల్సింది.

జూన్ 23, ఆదివారం

నిన్న పరవాలేదు. కొత్తగా ఏమీ జరగలేదు, రెండు చోట్ల తప్పాను.

ఇవాళ మధ్యాహ్నం వలల కొట్టంలోంచి ఎవరో గిటార్‌ని హింసిస్తున్న చప్పుడు వచ్చింది. వెళ్లి చూశాను. వింకో. చేతిలో గిల్ పాత గిటార్, ఎడమచేతివాటం వాళ్లలా తిరగేసి పట్టుకుని ఉన్నాడు, తీగలు కూడా అటుదిటు మార్చి బిగించి. మెడ మీద కుడి చెయ్యి. పిక్ ఎడమ చేతిలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. ఆపరేషన్ కట్టు ఇంకా మిగతా మూడు వేళ్లకీ ఉంది.

నన్ను చూసి ఆపలేదు. కుడి చేతి వేళ్లకి ఏమీ తెలియదు పాపం, కొత్తగా నిలబడ్డ దూడ కాళ్లలా అటూ ఇటూ పోతున్నాయి. ఎంత ఘోరంగా ఉందంటే నాకు నవ్వొచ్చింది, గొంతులోనే మింగేశాను.

"కుర్చీ లాక్కో" అన్నాడు.

గిటార్ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. నా గిటార్ మెడ ఎటు ఉందో వాడిదీ అటే ఉంది. అద్దంలో చూసుకున్నట్టు.

"అన్నయ్యా..."

"క్షమించాననుకోకు. అది అలాగే ఉంది. ఎప్పటికి పోతుందో, అసలు పోతుందో పోదో నాకూ తెలీదు. దాని గురించి ఇప్పుడు మాట్లాడకు." పిక్‌ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఈ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పు."

"మూడో మెట్టు."

పెట్టాడు. తప్పు తీగ మీద పెట్టాడు.

చెయ్యి చాచి వాడి వేలు పట్టుకుని పక్క తీగ మీదికి జరిపాను. వాడు చెయ్యి లాక్కోలేదు.